చిన్నబాపుకు నేను తెచ్చిన తరక్కీ

ఆ రోజుల్లో మా ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరికి ఏ పని ముంచుకొచ్చినా ముందు బడివైపే పరుగెత్తేవారు. ఉత్తరం రాయాలన్నా, వచ్చిన ఉత్తరం చదివించుకోవాలన్నా, తహసీల్ కచ్చేరికి అర్జీ పెట్టాలన్నా, తప్పిపోయిన బర్రె గుర్తులు రాసి పక్క ఊరి పటేలుకు పంపాలన్నా పంతులే దిక్కు. సర్కారుకు కూడా ఆయన మీద అంతే ప్రేమ. ఊళ్ళో గొడ్లను లెక్కపెట్టమనేది, టీకాలు వేయించుకోనివాళ్ళ జాబితా రాయమనేది, దౌరా మీద వచ్చే అధికారులకు మంచాలూ పాలూ కోళ్ళూ కుదర్చమనేది. ఇవన్నీ అయ్యాక ఇంకా పొద్దు మిగిలితే పిల్లలకు చదువు చెప్పమనేది. ఇంతటికీ కలిపి నెలకు పదిహేను రూపాయలు, అవీ హాలీ సిక్కా. (హాలీ అంటే నిజాం సర్కారు సొంత రూపాయి. రాజ్యం సరిహద్దు దాటగానే పాపం అది కూడా పంతులులాగే చిక్కిపోయేది.) ఇప్పుడు పంతుళ్ళ జీతాల గురించి ఎవరైనా మాట్లాడుతుంటే నేను వింటూ ఊరుకుంటాను. నోరు విప్పితే మా చిన్నబాపు గుర్తొస్తాడు, ఆయనతోపాటు నేను చేసిన ఘనకార్యమూ గుర్తొస్తుంది.

చిన్నబాపు అంటే మా బాపుకు తమ్ముడు. నాగిరెడ్డిపేట అవతల, పోచారం చెరువు నీళ్ళతో వరి పండే ఒక చిన్న ఊళ్ళో పద్దెనిమిదేళ్ళుగా పంతులు. బడి అంటే పటేలు ఇచ్చిన ఒక పెంకుల గది. అందులో నాలుగు తరగతులు, అరవై మంది పిల్లలు, ఒకే పంతులు, మూలన టపా సంచీ. (ఊరి టపా పని కూడా ఆయన నెత్తినే ఉండేది.) తూర్పు గోడకు ఆనుకున్నవాళ్ళకు అక్షరాలు, పడమటి గోడవాళ్ళకు ఎక్కాలు, నడుమ కూర్చున్నవాళ్ళకు వాచకం, గుమ్మం దగ్గరి పెద్దపిల్లలకు ఎకరాలూ గుంటల లెక్కలు. ఒక తరగతికి చెబుతుంటే తక్కిన మూడు తరగతుల గోలను మించి అరవాలి. ఆ అరుపు పొలాల్లో నాట్లు వేసే ఆడవాళ్ళకు కూడా వినపడేది. "పంతులు తొమ్మిదో ఎక్కం దాటిండు, ఇగ సద్ది తిందాం పాండ్రి" అని గట్టు ఎక్కేవారట. ఊళ్ళో గడియారం లేని లోటు మా చిన్నబాపు గొంతు తీర్చేది.

ఆ గొంతే ఒక వానాకాలం బొంగురుపోయింది. మిరియాల కషాయం తాగాడు, ఉప్పునీళ్ళు పుక్కిలించాడు, మళ్ళీ అరిచాడు. దసరా నాటికి నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. కామారెడ్డి దవాఖానలో డాక్టరు లాంతరూ అద్దమూ పెట్టి గొంతులోకి చూసి, ఆరు నెలలు మాట్లాడొద్దన్నాడు, మాట్లాడితే ఇక ఎన్నటికీ మాట ఉండదన్నాడు. అరవడమే బతుకైన మనిషితో ఆ మాట అనడం ఆయనకు సులువే. సెలవు పెడితే జీతం ఆగుతుంది. ఆ జాగాలో ఇంకొకరిని వేశారంటే మళ్ళీ తనకు ఇస్తారన్న నమ్మకం లేదు. ఇంట్లో చిన్నమ్మ, ముగ్గురు చిన్నపిల్లలు. వాళ్ళ కంచాల్లోకి అన్నం వచ్చేది ఆ గొంతులోంచే.

నేనప్పుడు మిడిల్ పరీక్ష గట్టెక్కి, ఏ ఉద్యోగమూ దొరక్క ఎల్లారెడ్డిలో అరుగులన్నీ అరగదీస్తున్నాను. వయసు పద్దెనిమిది. ప్రపంచంలో నాకు తెలియని విషయం లేదని గట్టి నమ్మకం. ఒకరోజు చిన్నమ్మ చంటిపిల్లను చంకనేసుకుని నడిచి వచ్చింది. మంచినీళ్ళు కూడా తాగకుండానే, "నీ గొంతు జెర అప్పియ్యి బిడ్డా. ఆరు నెలలయినంక మళ్ళ నీది నీకే" అంది. మా బాపు నావైపు చూసి, "ఊకె తిని తిరుగుడే గద, పో" అన్నాడు. నేను ఏదో రాజ్యం కాపాడటానికి పోతున్నట్టు తువ్వాల భుజాన వేసుకుని బయలుదేరాను.

బడి బాగానే సాగింది. చిన్నబాపు కుర్చీలో కూర్చుని వేలు చూపించేవాడు, నేను అరిచేవాడిని. నేను తప్పు చెబితే పలక మీద బలపంతో రాసి చూపించేవాడు. ఆయన తిట్లు కూడా పలక మీదే. ఒక తిట్టు రాసి, నాకు చూపించి, తుడిచి, రెండోది రాసే లోపల ఆయన కోపం చల్లారిపోయేది. (గొంతు ఉన్న రోజుల్లో ఆయన చేతిలో చదువుకున్న పిల్లలు ఈ సుఖం చూసి నా మీద చాలా అసూయపడ్డారు.) పొద్దంతా అరిచి ఇంటికి వచ్చాక నాకు చెంబు ఎత్తి నీళ్ళు తాగే ఓపిక కూడా ఉండేది కాదు. ఈ మనిషి పద్దెనిమిదేళ్ళు ఎలా చేశాడా అని మొదటి వారంలో ఆశ్చర్యపోయాను. రెండో వారానికి ఆ ఆశ్చర్యం పోయి, నేను ఆయనకన్నా బాగా చెబుతున్నానన్న గర్వం వచ్చింది.

అలాంటి సమయంలో టపా సంచీలోంచి ఒక కాగితం బయటపడింది. పట్నం నుంచి కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టర్ సాబు వచ్చే మంగళవారం బడి చూడటానికి వస్తున్నాడు. మాట రాని పంతులును చూశాడంటే ఆ రోజే ఉద్యోగం ఊడుతుంది. పటేలు గడ్డం గోక్కుని ఉపాయం చెప్పాడు. "కొత్త సాబుకు మన పంతులు మొకం ఎర్కనా? ఈ పోరడే పంతులు అందాం. ఇంటిపేరు ఒకటే, ముక్కు ఒకటే. ఒక్క పూట ముచ్చట. పంతులేమో నీళ్ళు పోసెటాయన లెక్క కుండ కాడ కూసుంటడు, అయిపాయె." చిన్నబాపు చివరికి తల ఊపాడు. ఆ సాయంత్రం పలక మీద నాకోసం ఒక మాట రాసి చూపించాడు: "గొప్పకు పోకు. నడిచినట్టు నడిపి పంపు." ఆ పలకను నేను సరిగ్గా చదివి ఉంటే ఈ కథే లేదు.

మంగళవారం పొద్దున చిన్నబాపు షేర్వాణీ నాకు తొడిగారు. ఎర్ర టోపీ నెత్తిన పెట్టారు. మీసం ఇంకా మొలక దశలో ఉండటం వల్ల చిన్నమ్మ చంటిదాని కాటుక తెచ్చి దాన్ని పెద్దచేసింది. చిన్నబాపు మోకాళ్ళ దాకా ధోతీ ఎగగట్టి, తలకు రుమాలు చుట్టి, నీళ్ళ కుండ పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయన్ను అలా చూసి చిన్నమ్మ ఇంట్లోకి వెళ్ళిపోయింది. నేను మాత్రం అద్దంలో నా మీసం చూసుకుంటున్నాను.

ఇన్‌స్పెక్టర్ సాబు ఎడ్ల కచ్చురంలో వచ్చాడు. ఎర్రగా, పొడుగ్గా, మంచి అత్తరు వాసనతో ఉన్నాడు. పేరడిగితే చిన్నబాపు పేరు చెప్పాను. వయసడిగితే ముప్పై తొమ్మిది అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "ఈ ఊరి నీళ్ళు చాలా మంచియి ఉన్నట్టున్నయి" అన్నాడు. ఇక నాకు పూనకం వచ్చింది. నాలుగు మూలలకూ నాలుగు రకాలుగా అరిచాను. ఎక్కాలు పాడించాను, పద్యాలు రాగం తీయించాను, పటంలో మంజీర ఎక్కడుందో, గోదావరి ఎక్కడుందో కట్టెతో చూపించమన్నాను. పిల్లలు ఒక్క చోట తడబడలేదు. లెక్కల్లో ఒక్కసారి నేనే బోర్డు మీద గుంటలను ఎకరాల్లోకి మార్చడం తప్పాను. కుండ దగ్గర్నుంచి చిన్న దగ్గు వినపడింది. పెద్దపిల్లలంతా గిర్రున కుండవైపు తిరిగారు. చిన్నబాపు మోకాలి మీద వేలితో గీసి చూపించాడు, వాళ్ళు సరైన జవాబు చెప్పారు.

"పోరగాండ్లు మాటిమాటికి ఆ నీళ్ళాయన దిక్కు చూస్తరు ఎందుకు?" అని సాబు అడిగాడు.

"దూప అయితున్నట్టుంది సాబ్" అన్నాను.

"అయితే తాగనియ్యి" అన్నాడాయన జాలిగా.

అప్పుడు మా చిన్నబాపు కుండలోంచి చెంబు ముంచుకుని లేచాడు. అక్షరాలు దిద్దుకునే పిల్లల దగ్గరికి వచ్చాడు. తమ పంతులు ఎదురుగా వచ్చి నిలబడేసరికి, అలవాటు కొద్దీ, మొదటి పిల్లవాడు చేతులు జోడించి లేచాడు. వాడిని చూసి పక్కవాడు, వాడిని చూసి వరస, ఆ వరసను చూసి బడి. అరవై మంది చేతులు జోడించి నీళ్ళ మనిషి ముందు నిలబడ్డారు. అయిపోయింది అనుకున్నాను. ఇన్‌స్పెక్టర్ సాబు కళ్ళజోడు తీశాడు. "వాహ్! నీళ్ళు పోసే మనిషికి గూడ ఇంత అదబ్! మాస్టర్ సాబ్, ఇంత మర్యాద నేను పట్నంల గుడ చూడలే" అని నా భుజం తట్టాడు. నేను వినయంగా తల వంచుకున్నాను. చిన్నబాపు అరవై మందికీ నీళ్ళు పోశాడు. చివరికి నాకూ పోశాడు. నేను తాగాను. ఆ నీళ్ళు ఎలా గొంతు దిగాయో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం చల్లగా దిగాయి.

సాబు బడి పుస్తకంలో పేజీన్నర రాసి వెళ్ళాడు. ఊరంతా పండగ చేసుకుంది. నెల తిరక్కుండానే టపా సంచీలో ఇంకో కాగితం వచ్చింది. సంచీ విప్పింది చిన్నబాపే, దాని మీద ముద్ర కొట్టిందీ ఆయనే, తన పేరిటే వచ్చింది కాబట్టి తనకు తాను అందజేసుకున్నదీ ఆయనే. పంతులు పనితనం మెచ్చి తరక్కీ ఇచ్చారు. అంటే పై ఉద్యోగం. కామారెడ్డి మిడిల్ స్కూలు, నెలకు ఇరవై రెండు రూపాయలు, పదిహేను రోజుల్లో వెళ్ళి చేరాలి.

చదువుకోగానే చిన్నబాపు ముఖం వెలిగింది. పద్దెనిమిదేళ్ళలో ఆయనకు సర్కారు నుంచి వచ్చిన మొదటి మంచిమాట అది. తనది కాదని తెలుసు, అయినా వెలిగింది. ఆ వెలుగు ఆరిపోవడం కూడా నేను అక్కడే నిలబడి చూశాను. నేను ఆయన పేరుతో కామారెడ్డి వెళ్ళడం కుదరదు. ఆయన మిడిల్ చదివింది అక్కడే, హెడ్‌మాస్టర్ సాబు ఆయన్ను ఎరుగును. వద్దని రాస్తే ఎందుకు వద్దో సంజాయిషీ చెప్పాలి. "పోకపోతే ఉన్నది గుడ ఊడుతది. పోవుడే" అన్నాడు పటేలు, ఈసారి గడ్డం గోక్కోకుండా. నన్నెవరూ ఏమీ అనలేదు. చిన్నమ్మ మాత్రం ఆ రాత్రి నా కంచంలో అన్నం పెడుతూ ఒక్క మాట అడిగింది. "ఒక్క పూట జెర తక్కువ మంచిగ చెప్తె నీదేం పోతుండెరా?" నేను అన్నమంతా తిన్నాను. ఆ వయసులో ఆకలికి సిగ్గు తక్కువ.

కామారెడ్డికి ఆయన వెంట నేనే వెళ్ళాను. మొదటి రెండు రోజులూ చిన్నబాపు పాఠమంతా బోర్డు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పిల్లలతో రాయించాడు. ఆ గదిలో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. హెడ్‌మాస్టర్ సాబు కిటికీలోంచి చూసి సంతోషపడ్డాడు. మూడో రోజు తన గదికి పిలిచాడు. నేనూ తోకలా వెంట వెళ్ళాను. ఆయన ఎదురుగా ఇన్‌స్పెక్టర్ రాసిన కాగితం ఉంది. తెల్లగడ్డం సవరించుకుని అందులోంచి ఒక వాక్యం పైకి చదివాడు: ఈ ఉపాధ్యాయుని గొంతు గంటవలె మోగుతుంది, నాలుగు తరగతులూ ఒక్క పిలుపుతో నిలుస్తాయి. చదివి తలెత్తి, "ఏం పంతులూ, ఆ గంట ఏడ వోయింది? మూడు దినాలాయె, ఒక్కసారి గుడ మోగలే" అన్నాడు.

"జలుబు చేసింది సాబ్" అని నేను మొదలుపెట్టాను. చిన్నబాపు నా భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. బల్ల మీద ఉన్న కలం తీసుకుని, ఒక చిత్తుకాగితం మీద ఉర్దూలో నెమ్మదిగా రాసి ఆయన ముందుకు జరిపాడు. హెడ్‌మాస్టర్ సాబు దాన్ని మొదట తనలో, తరువాత పైకి చదివాడు. నేను తెలుగులో చెబుతున్నాను: "గొంతు మా అన్న కొడుకుది. ఆ పిల్లలకు చదువు చెప్పింది నేను."

నేను ఆ కాగితం వంక చూస్తూ నిలబడ్డాను. ఆ రోజు పిల్లలు ఒక్క చోట తడబడకపోవడం నా ప్రతాపం కాదన్న ముచ్చట నాకప్పుడు తెలిసింది. అంతకుముందు ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు. ఏడుపు వచ్చింది. ఏడిస్తే చిన్నపిల్లాడినవుతానని బిగపట్టాను, బిగపట్టినకొద్దీ ముక్కు కారింది.

హెడ్‌మాస్టర్ సాబు ఆ కాగితాన్ని నాలుగు మడతలు వేసి చింపేశాడు. "ఇరవై అయిదేండ్లు నేను గుడ అర్సిన, పంతులూ. నాది ఇంక ఉన్నది, నీది పోయింది. గంతే ఫరక్" అన్నాడు. ఆయన చేయగలిగింది చేశాడు. వచ్చి చేరిన తరువాత జబ్బు చేసి గొంతు పోయిందని పైకి రాసి, బడి కచ్చేరిలోనే కాగితాలకు నకళ్ళు రాసే పని ఇప్పించాడు. నెలకు పది రూపాయలు. అంటే నేను తెచ్చిన తరక్కీ వల్ల చిన్నబాపు పదిహేను నుంచి పదికి దిగాడు. చిన్నమ్మ పిల్లలతో కామారెడ్డికి వచ్చి, స్టేషన్ వెనక ఒక అర్ర కిరాయికి తీసుకుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. చెప్పుకోవడానికి ఇంకా కష్టమైన సంగతి ఒకటుంది. ఖాళీ అయిన ఊరి బడి నాకే ఇచ్చారు, నా సొంత పేరుతో, పన్నెండు రూపాయలకు. ఆరు నెలలకని అప్పిచ్చిన గొంతు నాకు నౌకరీ తెచ్చిపెట్టింది. డాక్టరు చెప్పిన ఆరు నెలలూ గడిచాయి, ఇంకో ఆరు నెలలూ గడిచాయి, చిన్నబాపుకు ఊపిరితో చెప్పే గుసగుస తప్ప మాట తిరిగి రాలేదు.

రెండేళ్ళ తరువాత అదే ఇన్‌స్పెక్టర్ సాబు మా బడికి మళ్ళీ వచ్చాడు. నాకు రాత్రంతా నిద్ర లేదు. గుర్తుపడితే ఉద్యోగంతోపాటు హెడ్‌మాస్టర్ సాబు పరువు కూడా పోతుంది. కానీ నెత్తిన టోపీ లేదు, ఒంటిమీద షేర్వాణీ లేదు, మీసం గీసేశాను. వయసడిగితే ఇరవై అన్నాను. ఆయన నా వంక రెండోసారి చూడలేదు. చిన్నబాపు చేతికింద చదివిన పెద్దపిల్లలు అప్పటికి పొలం పనుల్లోకి పోయారు. ఉన్నవాళ్ళంతా నా చేతి సరుకే. ఎక్కాలు అడిగితే ఏడు దగ్గర ఆగారు. గోదావరి చూపించమంటే ఒకడు పటం వేలాడగట్టిన తాడు చూపించాడు. నేను గది పెంకులు కదిలేలా అరిచాను. అరుపులో లోటు లేదు. సాబు పుస్తకం తీసి నాలుగే పంక్తులు రాశాడు. "ఇంతకుముందున్న ఉపాధ్యాయుడు ఎంతో సమర్థుడు. ఆయన నాటిన చదువు, మర్యాద ఇప్పుడు ఈ బడిలో కానరావు. ఇప్పటి ఉపాధ్యాయునికి గొంతు ఉన్నది, చెప్పడం రాదు. ముందటి ఆయన దగ్గరికి వెళ్ళి నేర్చుకోవలెను." లేచి వెళ్తూ, "ఆయన ఏడున్నడయ్యా ఇప్పుడు? జబ్బు చేసిందట గద, పాపం" అన్నాడు. కామారెడ్డిలో ఉన్నాడని చెప్పాను. (అక్కడికి ఆయన తనిఖీకి పోయిన రోజున హెడ్‌మాస్టర్ సాబు చిన్నబాపును ఇంటికి పంపేసేవాడు. నకళ్ళు రాసేవాడు ఉన్నాడా లేడా అని ఎవరడుగుతారు?)

ఆ నాలుగు పంక్తులకూ నకలు రాసుకుని, శుక్రవారం (అప్పట్లో బడికి వారపు సెలవు ఆ రోజే) ఎల్లారెడ్డి దాకా నడిచి, అక్కడ బస్సు పట్టుకుని కామారెడ్డి వెళ్ళాను. చిన్నబాపు గుమ్మంలో కూర్చుని చిన్నమ్మకు బీడీ ఆకు కత్తిరించి ఇస్తున్నాడు. చిక్కిపోయాడు. కాగితం చేతిలో పెట్టాను. ఒకసారి చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. అప్పుడు ఆయన భుజాలు కదలడం మొదలైంది. ముందు భయపడ్డాను. తరువాత తెలిసింది, నవ్వుతున్నాడు. చప్పుడు లేకుండా, పొట్ట పట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. చిన్నమ్మ బీడీల చేట పక్కన పెట్టి, "ఏమైందిరా, గిట్ల నవ్వక ఎన్ని దినాలాయె" అంది. నేను చదివి వినిపించాను. ఆమె నవ్వలేదు, ఆయన ముఖమే చూస్తూ కూర్చుంది.

తిరిగి వచ్చేటప్పుడు కాగితం ఇవ్వమని చెయ్యి చాచాను. చిన్నబాపు దాన్ని మడిచి అంగీ లోపలి జేబులో పెట్టుకున్నాడు. నా చెవి దగ్గరికి వంగి, ఊపిరితో, "ఇది నాది" అన్నాడు.

ఆ తరువాత నేను ముప్పై ఏళ్ళకు పైగా పంతులుగిరీ చేశాను. ఆ ఇన్‌స్పెక్టర్ రాసినట్టే, ఎన్నో శుక్రవారాలు చిన్నబాపు దగ్గర కూర్చుని, ఆయన ఊపిరితో చెప్పే మాటలు వింటూ చదువు చెప్పడం నేర్చుకున్నాను. మంచి రిమార్కులు నాకూ వచ్చాయి, జీతమూ ఎంతో కొంత పెరిగింది, పెరిగినప్పుడల్లా మొదట కామారెడ్డిలోని ఆ అర్రే కళ్ళముందు మెదిలేది. పెద్ద టోపీ పెట్టుకుని గది మధ్య నిలబడి అరుస్తున్న ఆ పద్దెనిమిదేళ్ళ పోరడు ఇప్పుడు ఎదురైతే చెవి మెలిపెట్టాలనే ఉంది. కానీ వాడు అంత సంతోషంగా ఉన్నాడు, ఏం చెప్పినా వినడు.